చిన్నాకి అమ్మ రాయునది

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీర్వదించి రాయునది. మేమిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమమేనని తలుస్తాను. తలవడం తప్ప నాకు వేరే దారేముంది, మూడు వారాల నుంచి నువ్వు పంపేవన్నీ బొటనవేళ్లే కదా. తిన్నావా అంటే బొటనవేలు. చలి ఎలా ఉందిరా అంటే బొటనవేలు. మొన్న నాన్నగారికి షుగర్ 210 వచ్చిందని పెడితే దానికీ బొటనవేలే పెట్టావు. ఆయన అది చూసి "వాడికి సంతోషంగా ఉన్నట్టుంది" అన్నారు.

నిన్నేదో అడగడానికి రాస్తున్నాననుకోకు. ఊరికే కబుర్లు. ఫోన్లో తెలుగు టైపు చేయడం బుజ్జి నేర్పింది, వత్తులు సరిగ్గా పడకపోతే సర్దుకో. శేషు బాబాయికి రెండో మోకాలు ఆపరేషన్ కూడా అయింది, ఇప్పుడు ఆయన రెండు మోకాళ్ల గురించీ చెప్తున్నాడు, ఇదివరకు ఒకదాని గురించే చెప్పేవాడు. పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించేద్దామని నాన్నగారు, వద్దని నేను. భారతత్త వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. అక్కడ రాధ పిన్ని కలిసింది. వాళ్ల సుధీర్ నీకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదట. అదేం పెద్ద విషయం కాదులే, సుధీర్ ఫోన్ నేనూ ఎత్తను. ఇంకా ఏదేదో చెప్పింది. పిన్ని మాటలు నీకు తెలుసుగా, గోరంత ఉంటే కొండంత చేస్తుంది. నేను పట్టించుకోలేదు. భోజనం కూడా బాగానే చేశాను, పనసపొట్టు కూర బాగా కుదిరింది.

అది సరే. మొన్న రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే సినిమాలో చూసిన ఆ అమెరికా ఫుట్‌బాల్ కుర్రాడు రూడీ గుర్తొచ్చాడు. ఎందుకు గుర్తొచ్చాడో నాకే తెలీదు. నీకు చెప్పలేదు కదూ ఆ కథ? అక్క పురిటికి వెళ్లి ఆర్నెల్లు సౌత్ బెండ్‌లో ఉన్నాను కదా, అప్పటి సంగతి. అదేం ఊరో, ఇండియానాలో ఉన్నా మీ ఇలినాయితో గంట తేడా. అక్క ఇంట్లో ఎనిమిదయితే నీకు ఏడు. నువ్వు ఆఫీసులో ఉంటావని ఒక గంట ఆగి చేస్తే మీటింగ్ అనేవాడివి. ఆ గంట కలిపి చూసుకోవాలో తీసేయాలో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

ఆ ఊరంతా నోటర్ డేమ్ యూనివర్సిటీయే. బంగారు రేకు తాపిన గుమ్మటం, దాని మీద మేరీమాత, రెండు చెరువులు, లైబ్రరీ గోడంతా చేతులెత్తిన ఏసుక్రీస్తు బొమ్మ. ఆ చేతులు చూసి జనం దానికి టచ్‌డౌన్ జీసస్ అని పేరు పెట్టుకున్నారట, వాళ్ల ఆటలో గోల్ పడితే అంపైరు చేతులు అలాగే ఎత్తుతాడు కదా, అందుకని. ఒక గుహ కూడా ఉంది, రాళ్లతో కట్టింది, పరీక్షల ముందు పిల్లలు అక్కడికెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మన పిల్లలు హనుమంతుడి గుడి చుట్టూ తిరిగినట్టే. నేనూ రెండు వెలిగించాను, ఒకటి అక్క కాన్పుకి, ఒకటి నీ హెచ్ వన్ వీసా లాటరీకి. రెండూ నెరవేరాయి. అది వెలిగించినప్పుడు ఉద్యోగం నిలబడాలని కూడా మొక్కుకోవాల్సింది, ఆ ముక్క మర్చిపోయాను. సర్లే.

ఇంతకీ ఆట. 2022 నవంబరు 19న మీ బావకి ఆఫీసులో ఎవరో టికెట్లిచ్చారు, అక్క బాలింత కాబట్టి నన్ను తీసుకెళ్లాడు. నేను లోపల బావ ప్యాంటు, పైన చీర, దాని మీద రెండు స్వెట్టర్లు, ఆపైన అక్క కోటు. దానికి ఫుట్‌బాల్ అని పేరే గానీ కాలితో ఆడేది తక్కువ, కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని గుద్దుకోవడమే. మంచు కురుస్తోంది, కాసేపటికి గీతలు కూడా కనపడలేదు, ఆ మంచులోనే 77 వేల మంది పట్టే స్టేడియంలో నిలబడి అరుస్తున్నారు. మనవాళ్లు, అంటే నోటర్ డేమ్ వాళ్లు, 44 కొట్టారు, బోస్టన్ కాలేజీ వాళ్లకి సున్నా. ఆ ఏడాదికి సొంత ఊళ్లో అదే ఆఖరి ఆట. చదువు అయిపోతున్న పిల్లల్ని ముందు పేరుపేరునా పిలుస్తారు, తల్లిదండ్రులు కూడా గ్రౌండులోకి వస్తారు. నాకు కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది, ఎవరి పిల్లలో ఏంటో. మీ బావ అప్పుడు చెప్పాడు, ఇలాంటి ఆఖరి ఆటలోనే రూడీ ఆడాడత్తయ్యా అని. ఆ రాత్రి చిట్టి ఎలాగూ నిద్రపోనివ్వలేదు, రూడీ సినిమా కూడా పెట్టి చూపించాడు.

ఆ రూడీది జోలియెట్. మీ నేపర్‌విల్ పక్కనే, మ్యాపులో చూశాను, కారులో అరగంటో ఇంకాస్తో. ఇన్నేళ్లుగా అక్కడుండి ఒక్కసారైనా వెళ్లావో లేదో. అసలు పేరు డేనియల్ రూటిగర్, 1948లో పుట్టాడు, ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలు, వీడు మూడోవాడు. పద్నాలుగు మందిరా చిన్నా! ఆ తల్లికి ఎవడు అన్నం తిన్నాడో ఎవడు తినలేదో లెక్క ఎలా తెలిసేదో. నాకు ఇద్దరు, ఇద్దరి లెక్కే తేలడం లేదు.

స్కూల్లో మార్కులు తక్కువ. ఎంత చదివినా అక్షరాలు తిరగబడేవి, దాన్ని డిస్లెక్సియా అంటారని పెద్దయ్యాక కాలేజీలో చేరేదాకా ఎవరూ చెప్పలేదు. మొద్దు అనే అనుకుని ఉంటారు. నేనూ 31 ఏళ్లు పాఠాలు చెప్పాను, అలాంటి పిల్లలు నా దగ్గర ఎంతమంది ఉండేవాళ్లో, ఎంతమందిని బెంచీ ఎక్కించానో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. సరే, వాడికి నోటర్ డేమ్‌లో చదవాలి, అక్కడ ఫుట్‌బాల్ ఆడాలి అని చిన్నప్పటి నుంచి పిచ్చి. సీటు వచ్చే మార్కులు లేవు. నేవీలో చేరాడు, రెండేళ్లు చేశాడు. తర్వాత పవర్ ప్లాంటులో ఉద్యోగం. ఇది గుర్తుపెట్టుకో, ముందు ఉద్యోగం చేశాడు. 1972లో నోటర్ డేమ్ ఎదురుగానే ఉండే హోలీ క్రాస్ అనే చిన్న కాలేజీలో చేరి, అక్కణ్ణుంచి అప్లికేషన్ పెట్టడం, వాళ్లు వద్దనడం. మూడుసార్లు వద్దన్నారు. నాలుగోసారి 1974లో రానిచ్చారు. అప్పటికి వాడికి 26 నిండాయి, క్లాసులో అందరికంటే పెద్ద.

ఇక టీమ్‌లోకి ఎలా వెళ్లాడంటే, అక్కడ ఆటగాళ్లని కాలేజీ వాళ్లే వెతికి, ఫీజు లేకుండా స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకుంటారు. అలా కాకుండా తనంతట తను వచ్చి నన్నూ ఆడనివ్వండి అనేవాణ్ణి వాక్-ఆన్ అంటారు. మన భాషలో పిలవని పేరంటం. స్కాలర్‌షిప్ ఉండదు, పేపర్లో పేరుండదు. వీళ్ల పనేమిటంటే, వచ్చే శనివారం ఎవరితో ఆట ఉందో ఆ జట్టులాగా నటించడం, అసలు ఆటగాళ్లు వీళ్లని గుద్ది గుద్ది ప్రాక్టీసు చేసుకోవడం. వారమంతా దెబ్బలు తిని శనివారం నాడు డ్రెస్సు కూడా ఇవ్వకపోతే మామూలు బట్టల్లో కూర్చుని చూడాలి. రూడీ ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 165 పౌండ్లు. మీ నాన్నగారి కంటే పొట్టి. ఎదుటివాళ్లు ఒక్కొక్కడు బీరువా అంత ఉంటాడు. రెండు సీజన్లు అలా తన్నులు తిన్నాడు.

మొదట ఉన్న కోచ్ ఆరా పార్సీగియన్, ఆయన 1974 తర్వాత మానేశాడు. డాన్ డివైన్ వచ్చాడు. 1975 నవంబరు 8, జార్జియా టెక్‌తో సొంత ఊళ్లో ఆఖరి ఆట, ఆ రోజు 45 నంబరు చొక్కా ఇచ్చారు. గెలుపు ఖాయమైపోయాక చివర్లో దించారు. మొత్తం 27 సెకన్లు. ఆఖరి క్షణంలో ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి, పట్టుకుని కింద పడేశాడు. వింతేమిటంటే ఆ పడినవాడి పేరు కూడా రూడీయే, రూడీ ఆలెన్. స్కోరు 24-3. తోటివాళ్లు వీణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని బయటికి మోసుకొచ్చారు. 27 ఏళ్లకి 27 సెకన్లు, ఏడాదికో సెకను. ఇంతే కథ.

చూసి ఏడ్చాను, ఒళ్లో చిట్టి ఉంది కాబట్టి చప్పుడు లేకుండా. ఏడ్చాక అడిగాను, "అన్నేళ్లూ వీడి అద్దె ఎవరు కట్టారు బాబూ" అని. మీ బావ నవ్వాడు. సినిమాలో అవన్నీ చూపించరత్తయ్యా అన్నాడు. నవ్వే విషయం కాదది. వాడి డిగ్రీ 1976లో. సినిమా 1993లో. మధ్యలో 17 ఏళ్లు. సినిమా తీయండి నా కథ బాగుంటుందని ఏళ్ల తరబడి ఊళ్లు పట్టుకు తిరిగాడట, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి ఉంటారు. ఆ 17 ఏళ్లలో వాళ్లమ్మ ఎన్నిసార్లు లేచి మంచినీళ్లు తాగి పడుకుందో ఎవరూ రాయరు.

ఇంకోటి కూడా చెప్పాడు మీ బావ. సినిమాలో ఆటగాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నా బదులు రూడీని ఆడించండి అని కోచ్ బల్ల మీద చొక్కాలు పెట్టేస్తారు. అది అసలు జరగనే లేదట. ఆ టీమ్‌లోనే ఉన్న జో మోంటానా, తర్వాత చాలా పెద్ద ఆటగాడయ్యాడు కదా, ఆయనే చెప్పాడు. కోచ్ డివైన్ కూడా సినిమాలో చూపించినంత మొండివాడేం కాదు, కథకి పనికొస్తుందంటే సరే నన్ను విలన్ని చేసుకోండని ఒప్పుకున్నాడట. ఎంత పెద్దమనసు! ఒకడు మంచివాడుగా నిలబడాలంటే పక్కన ఇంకొకరు చెడ్డవాళ్లు కావాలి, కథలంతే. నీ పుస్తకంలో ఎవరినైనా చెడ్డ చేయాల్సి వస్తే నన్ను చేసుకో, నేనేమీ అనుకోను.

ఏ పుస్తకం అంటావేమో. ఊరికే అన్నాను. మాటవరసకి.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నాన్నగారు వంటింట్లో క్యాలెండర్ మీద రోజూ పెన్సిల్‌తో ఏదో గీస్తున్నారు. ఏంటండీ అంటే ఏకాదశులు అంటారు. ఏకాదశి రోజూ రాదు కదా. మొన్న లెక్కపెట్టాను, 23 గీతలున్నాయి. సుధీర్ ఎవరితోనో అన్నాడట, ఉద్యోగం పోయినా మానేసినా 60 రోజుల్లోపు ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే దేశం వదలాలి అని. అది హెచ్ వన్ మీద ఉన్న ఎవరికైనా వర్తించే రూల్, జనరల్ నాలెడ్జ్. మీ నాన్నగారికి ఇలాంటివి తెలుసుకోవడం సరదా.

ఆ రూడీని తలుచుకుంటే నాకు మా ఖోఖో గుర్తొస్తుంది. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. 1978లో నేను తొమ్మిదో క్లాసు, కొల్లిపర నుంచి తెనాలికి జోనల్ ఆటలకి వెళ్లాం. ఖోఖోలో జట్టుకి పన్నెండు మంది, ఆడేది తొమ్మిది మంది. నేను పన్నెండోదాన్ని. ఇంటికొచ్చి టీంలో ఉన్నానని చెప్పాను, అది నిజమే కదా. తాతయ్య దాన్ని పట్టుకుని రామాలయం అరుగు మీద, చౌకడిపోలో, మంగలి దగ్గర అందరికీ చెప్పాడు, మా అమ్మాయి తెనాలిలో ఆడుతోంది అని. ఆయన వస్తాడని నేను అనుకోలేదు. పసుపు చేలో కూలీలున్న రోజు, ఆయన చేను వదిలి వచ్చే మనిషి కాదు. తీరా మేము మొదటి ఆట మొదలుపెట్టేసరికి గ్రౌండు గేటులోంచి సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు, హ్యాండిల్‌కి ఒకపక్క పెద్ద క్యారేజీ, ఒకపక్క మజ్జిగ కూజా. పన్నెండు మందికీ పులిహోర కలిపించి తెచ్చాడు. వేపచెట్టు కింద సైకిలు స్టాండు వేసి, కండువాతో సీటు తుడిచి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

నా పనేంటో తెలుసా, చెప్పుల కాపలా. ఆడేవాళ్లు చెప్పులు, గాజులు విప్పి నా దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు. ఆయన్ని చూడగానే నేను తల వంచేసి ఆ తొమ్మిది జతల చెప్పులూ సైజుల వారీగా సర్దడం మొదలుపెట్టాను. సర్దినవి మళ్లీ చెరిపి మళ్లీ సర్దాను. మొదటి ఆట అయిపోయింది, గెలిచాం. రెండో ఆటకి దిగుతానేమో అనుకున్నాడు పాపం. దిగలేదు. వెళ్లి డ్రిల్లు మాస్టారిని అడిగాడు, మా అమ్మాయి ఎప్పుడు దిగుతుందండీ అని. నాకు వినపడుతూనే ఉంది. ఆయన "ఎవరికైనా దెబ్బ తగిలితే దింపుతామండీ" అన్నాడు. అంతే, ఇక అప్పట్నుంచి తాతయ్య ఆట చూడటం మానేసి పడేవాళ్లని చూడటం మొదలుపెట్టాడు. ఏ పిల్లయినా జారి పడితే చటుక్కున నిటారుగా నిలబడేవాడు. ఆ పిల్ల దులుపుకుని లేస్తే మళ్లీ సైకిలుకి ఆనుకునేవాడు. ఒకసారి మా కుసుమ పోలు దగ్గర పడి మోకాలు పట్టుకుని కూర్చుంది, ఆయన రెండడుగులు ముందుకొచ్చేశాడు కూడా. కుసుమ లేచింది. దాని మోకాలు ఏ ఇనుముతో చేశారో, ఇప్పటికీ దానికి మోకాళ్ల నొప్పుల్లేవు.

ఆ ఆట ఓడిపోయాం. అందరూ చుట్టూ కూర్చుని పులిహోర తిన్నారు, బాగుందంటే బాగుందన్నారు. నాకు ముద్ద దిగలేదు. జట్టుతో బస్సులో వెళ్లాల్సింది, మాస్టారికి చెప్పి నన్ను సైకిలు మీదే తీసుకెళ్లాడు. చీకటి పడిపోయింది, కాలవ గట్టు, డైనమో లైటు తొక్కుతుంటే వెలుగుతుంది, ఆపితే ఆరిపోతుంది. దారి పొడుగునా ఆయన అన్నది ఒక్కటే మాట, "కాళ్లు చువ్వల్లో పడతాయి, ఎడంగా పెట్టుకో" అని. అడుగుతాడేమో, అడిగితే ఏడ్చేసి చెప్పేద్దామని వంతెన దాకా చూశాను. వంతెన దాటాక రామాలయం దాకా చూశాను. ఇంటికెళ్లగానే అమ్మమ్మ అడిగింది, ఎలా ఆడింది అని. "బాగా ఆడింది" అన్నాడు. ఆ అబద్ధం ఆయన బతికున్నన్నాళ్లూ అలాగే ఉండిపోయింది, నా పెళ్లిచూపుల్లో కూడా ఖోఖో ప్లేయరండీ అని చెప్పాడు, మీ నాన్నగారు నిజమనుకునే చేసుకున్నారు. ఈ ఉత్తరం ఆయనకి చూపించకు. తాతయ్య నా కోసమే అన్నాడని తెలుసు. నేను చెప్తానేమోనని ఆయనా వంతెన దాకా చూసే ఉంటాడని నాకు తట్టేసరికి ఆయన పోయి ఆరేళ్లయింది.

ఎక్కడికో వెళ్లిపోయాను. రూడీ సంగతి చెప్తున్నాను కదా. సినిమా వచ్చాక వాడి దశ తిరిగింది, ఊరూరా ఉపన్యాసాలు, పుస్తకాలు. అక్షరాలు తిరగబడే పిల్లాడు రచయిత అయ్యాడు. 2012లో ఆత్మకథ వచ్చింది, మార్క్ డాగస్టీనో అనే ఆయన్ని తోడు పెట్టుకుని రాశాడు. అలా తోడు పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ దానికి ముందు ఏడాది ఒకటి జరిగింది, అది మీ బావ సినిమా అయిపోయాక కాఫీ కలుపుతూ చెప్పాడు. వాడి పేరుతో ఒక స్పోర్ట్స్ డ్రింకుల కంపెనీ పెట్టారు. కంపెనీ గురించి లేనిపోనివి చెప్పి షేర్ల ధర పెంచి అమ్ముకున్నారని అక్కడి షేర్ మార్కెట్ మీద నిఘా ఉంచే ఎస్‌ఈసీ 2011 డిసెంబరులో కేసు పెట్టింది. వాడితో కలిపి పదమూడు మంది మీద. తప్పు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు, 3,82,866 డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాడు. నాకు మనసు కలుక్కుమంది. అంత కష్టపడి రెండేళ్లు గుద్దులు తిని తెచ్చుకున్న పేరు కదా, దాన్ని సీసా మీద అతికించి ఎవరి చేతిలో పెడుతున్నాడో చూసుకోవద్దూ. డబ్బు ఊరికే రాదు నాన్నా, ఎవడైనా నీ పేరుతో, నీ సంతకంతో ఏదైనా అంటే కాగితం చివరిదాకా చదువు. ఎవరి దగ్గరా అప్పు చేయకు. క్రెడిట్ కార్డు మీద అద్దె కట్టకు. పాలు, గుడ్లు మానేసి డబ్బు మిగల్చకు, మిగలదు, ఒళ్లు పాడవుతుంది. చూశావా, లెక్చర్ ఇవ్వనని అక్కకి మాటిచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. 31 ఏళ్ల అలవాటు, రిటైర్మెంటు ఆర్డర్ చేతికిచ్చినంత మాత్రాన పోతుందా.

అలవాటంటే గుర్తొచ్చింది. ఎనిమిదో క్లాసులో నువ్వొక కథ రాశావు, సైన్సు రికార్డు వెనక పేజీల్లో. రైలు గేటు దగ్గర గొడుగులు బాగుచేసే ముసలాయన కథ. నాకు తెచ్చి చూపించావు. నేను దిద్దాల్సిన ఆరుమాసాల పేపర్ల మధ్యలో పెట్టుకుని, చేతిలో ఎర్ర పెన్ను ఉంది కదా, వత్తులు దిద్దాను, పొల్లులు దిద్దాను, "ముగింపు సరిగా లేదు" అని కింద రాసి పదికి ఆరున్నర వేసి ఇచ్చేశాను. ఆ తర్వాత నువ్వు నాకు ఏదీ చూపించలేదు. ఆ సంగతి నేను గమనించలేదనుకుంటున్నావేమో. ఆ రికార్డు అటక మీద ఉంది, మొన్న దింపించి చదివాను. ముగింపు బాగానే ఉంది. ముసలాయన గొడుగు ఇచ్చేసి వానలో నడిచి వెళ్లిపోతాడు, అంతకంటే ఏం కావాలి. నేను పేపర్లు దిద్దే తొందరలో ఉన్నాను.

అందుకే అంటున్నాను, ఎవరైనా ఎప్పుడైనా రాయాలనుకుంటే, ఎవరైనా అంటే మాటవరసకి, మా సుధీర్ లాంటివాడనుకో, వాడు రాయొచ్చు. కాకపోతే ఆ రూడీ నేవీలో చేశాడు, పవర్ ప్లాంటులో చేశాడు, అప్పుడు వెళ్లాడు. సగం రాసి చూసి అప్పుడు మానొచ్చు కదా ఉద్యోగం. రాత్రిళ్లు రాసుకోవచ్చు. ఒకవేళ మానేసే ఉంటే, ఉన్నాడనుకుందాం, అది రాధ పిన్ని నోటి నుంచి, అదీ గృహప్రవేశం పంక్తిలో, పనసపొట్టు కూర వడ్డిస్తుండగా ఆ తల్లి వినకూడదు. నాకు ఎంత అవమానం అనిపించిందంటే "అవును మాకు తెలుసు, వాడే చెప్పాడు" అన్నాను. నేనూ తాతయ్య కూతుర్నే కదా.

నాన్నగారికి కోపం లేదు. ఆయన ఏమీ అనడం లేదు, అదే నా టెన్షన్. నిన్న మాత్రం ఉన్నట్టుండి "తెలుగులో రాస్తాడా ఇంగ్లిషులోనా" అని అడిగారు, ఎవరి గురించో చెప్పకుండా. నాకేం తెలుసండీ అన్నాను. తెలుగులో రాస్తే మాత్రం అచ్చుకిచ్చే ముందు నాకు పంపు, వత్తులు చూసి పంపుతాను. వత్తులు మాత్రమే. మార్కులు వేయను.

సుబ్బారావు గారి అమ్మాయి ఈ నెలాఖరున చికాగో వస్తోంది. ఆవకాయ ఇంకా పెట్టలేదు, కాయ రాలేదు, గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు పంపుతున్నాను. నీ సైజు బనియన్లు కూడా. అడ్రసు అదేనా, మారిందా? మారితే చెప్పు, ఆ పిల్ల పాత అడ్రసుకెళ్లి బెల్లు కొడుతూ నిలబడుతుంది చలిలో.

ఆ, చెప్పడం మర్చిపోయాను. మేడ మీద గదిలో అద్దెకున్న టీచరమ్మకి బదిలీ అయింది. మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఊరికే పెచ్చులూడిపోతోందని రంగు వేయించాం, లేత నీలం, నీకు పచ్చ అంటే పడదు కదా. నీ టేబుల్ కిటికీ పక్కకి జరిపించాను, ఫ్యాన్ కింద ఉంటే కాగితాలు ఎగురుతాయని. ఈ రోజుల్లో కాగితాలెవరు వాడతారే అని నాన్నగారు నవ్వి, ఎలక్ట్రీషియన్ని పిలిచి టేబుల్ పక్కన ప్లగ్ పాయింట్ పెట్టించారు. ల్యాప్‌టాప్‌కి ఒకటి చాలా, రెండోది కూడా పెట్టాలా అని అతను అడుగుతున్నాడు. శనివారం పొద్దున మళ్లీ వస్తాడు. ఈలోపు ఫోన్ చేసి చెప్పు. బొటనవేలు పెడితే ఒకటో రెండో అతనికి అర్థం కాదు.

మీ అమ్మ